గీయని నాలుగో గడి

అయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని గంటలకు అని.

నాలుగేళ్లుగా మా అమ్మాయికి ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ గడియారం చూసి రాసుకున్నవాణ్ణి. మొదలైన నిమిషం, ఆగిన నిమిషం, ఆ తర్వాత తను కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టిన నిమిషం. తను పోయిన నిమిషం మాత్రం రాయలేదు. నేను పక్క గదిలో పుస్తకం చదువుకుంటున్నాను. తొమ్మిది నలభైకి తను నాతో మాట్లాడింది. పదకొండు దాటి పది నిమిషాలకు నేను గదిలోకి వెళ్లాను. మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ముఖం దిండులో ఉంది.

ఆ ఆదివారం శ్రవణ నక్షత్రం ఉదయం పది గంటల ముప్పై ఆరు నిమిషాల వరకు. ఆ తర్వాత ధనిష్ఠ. శ్రవణంలో పోతే ఇంటికి దోషం లేదు. ధనిష్ఠలో పోతే ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి. తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా వదిలేయాలి. మా నిజామాబాద్‌లో దీన్ని పట్టించుకోని ఇల్లు అరుదు.

"మీరు ఏ టైం చెప్తే గదే పట్టుకుంట సార్. నేనేం ఎదురడుగ," అన్నాడు అయ్యగారు. మంచివాడు. నా వైపు చూడకుండా పంచాంగం వైపు చూస్తూ అన్నాడు.

మా మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనది బోధన్ దగ్గర పల్లె, చెరకు రైతు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి పెళ్లయినప్పటి నుంచి నన్ను అల్లుడా అనకుండా సారూ అంటాడు. వంగి నా చెవి దగ్గర అన్నాడు: "పది అనరాదు సారూ? ఎవడు సూసిండు?"

నా భార్యకు వినపడింది. "ఎవరు సూడకుంటే అబద్ధమాడుతమా బాపు? ధనిష్ఠనే పెట్టుండ్రి."

అలా తెలియని నిమిషానికి చెడ్డ నక్షత్రం రాసిచ్చాం. ఇల్లు మూసేయాలని తేలిపోయింది. నాకు మాత్రం వేరే ప్రశ్న మిగిలింది. ఆ ఉదయం అట్లా అవుతుందని ముందే తెలుసుకునే దారి ఉండేదా? అది తెలుసుకుంటే ఏం ఒరుగుతుందో నాకు తెలియదు. కానీ అప్పటినుంచి నేను ఆలోచించింది అదొక్కటే.

తనకు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఫిట్స్ మొదలయ్యాయి. హైదరాబాద్ తీసుకెళితే డాక్టరు మాత్రలు రాసి, వచ్చిన తేదీలు రాసుకురమ్మన్నాడు. నేనొక పొడుగు నోట్‌బుక్ కొని గడులు గీశాను. మొదటి దానిలో తేదీ, నిమిషాలు. అంతవరకే అనుకున్నాను.

నెల తర్వాత నా భార్య పంచాంగం తెచ్చి పక్కన పెట్టింది. "గీ పక్కన నక్షత్రం రాయుండ్రి. రాస్తే పోయేదేమున్నది?"

మా అమ్మాయిది స్వాతి నక్షత్రం. జన్మ నక్షత్రం నుంచి లెక్కపెడితే మూడోది, ఐదోది, ఏడోది మంచివి కావంటారు. తొమ్మిదికొకసారి లెక్క మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఇరవై ఏడు నక్షత్రాల్లో అలాంటివి తొమ్మిది వస్తాయి. ఏ ఘటన తీసుకున్నా మూడింట ఒక వంతు వాటిలో పడకతప్పదని చెప్పి చూశాను. నా భార్య విని, "మరి రాయుండ్రి," అంది. రెండో గడి అలా వచ్చింది.

మూడోది నేను గీసుకున్నదే. సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఎంత కదిలిస్తున్నదీ సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకెగా చెబుతారు. మూడు గంటలకొకసారి ఫోన్‌లో చూడవచ్చు. పదకొండేళ్లకొకసారి సూర్యుడు ఉధృతంగా ఉండే కాలం వస్తుంది. మేం ఆ కాలంలో ఉన్నాం. ఆ అలజడి మనిషి గుండె మీద, మెదడు మీద పనిచేస్తుందా అని వెతికినవాళ్లున్నారు. గట్టిగా తేల్చినవాళ్లు లేరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే గీశాను. భార్య పంచాంగంతో కూర్చుంటే నేను ఊరికే ఉండలేకపోయాను.

రోజూ పొద్దున చాయ్ తాగుతూ ఆమె నక్షత్రం చెప్పేది, నేను అంకె చెప్పేవాణ్ణి. మా అమ్మాయి మధ్యలో కూర్చుని బిస్కెట్లు ముంచుకుంటూ వినేది.

"చంద్రుడేమో అమ్మ పార్టీ, సూర్యుడేమో బాపు పార్టీ. నేను ఓటర్ని. నాకెవ్వడు ఏం ఇస్తలేడు," అనేది.

మామ వచ్చినప్పుడు ఆ పుస్తకం చూసి నవ్వాడు. "ఏంది సారూ, ఆలుమగలు సూర్యుణ్ణి, చంద్రుణ్ణి పంచుకున్నరా? మాకు నక్షత్రమంటే సూర్యుడే. రోహిణి కార్తెల సూర్యుడు రోహిణిల ఉంటడు, గందుకే గంత ఎండ. మిరుగం కార్తె వచ్చిందంటే వాన. నక్షత్రం, సూర్యుడు ఒక్క బండికి కట్టిన ఎద్దులే. మీరెందుకు కొట్లాడుతుండ్రు?"

నాకు సరదాగా అనిపించింది. నిజమే, ఆయన చెరకు నాటేది, నీళ్లు కట్టేది కార్తె చూసే. ఇరవై ఏడు నక్షత్రాలను చంద్రుడు నెలలో చుట్టేస్తాడు, సూర్యుడు ఏడాదిలో. గడులు రెండయినా దారి ఒకటే.

ఒక వేసవిలో సూర్యుడి మీద పెద్ద పేలుళ్లు జరిగాయి. లదాఖ్‌లో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు పేపర్లో వచ్చాయి. ఫోన్‌లో అంకె తొమ్మిదికి చేరింది. నేను కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టి తన వెనకాలే తిరిగాను. వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, డాబా మీదికి వెళితే డాబా మీదికి. ఏమీ కాలేదు. ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు సాయంత్రం ఎప్పటిలాగే ఎక్కాలు చెప్పింది. తను డిగ్రీ అయిపోయి, ఇంట్లోనే చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పేది.

మూడో రోజు నేను చెప్పులేసుకుంటుంటే అంది: "బాపు, నీ సూర్యుడు ఫెయిల్. సప్లిమెంటరీ రాసుకొమ్మను."

పాస్ అయినట్టు కనబడింది ఆ తర్వాతి చలికాలంలో. నాలుగు నెలలు వరుసగా సూర్యుడి అంకె పెరిగిన రోజులు ఉత్తరాభాద్ర, రేవతి, అశ్విని దగ్గరే పడ్డాయి. వాటిలో రెండు నా భార్య లెక్కలో చెడ్డవి. ఫిట్స్ కూడా ఆ చుట్టుపక్కలే వచ్చాయి. మూడు గడులూ కలిశాయి. "నేను ముందుగాలనే చెప్పలేదా," అని నా భార్య అనలేదు. కానీ పుస్తకం మూసి కళ్లకద్దుకుంది. ఆ వారమంతా నాకు సరిగా నిద్ర లేదు.

చదివాక కారణం తెలిసింది. సూర్యుడి మీద ఒక చోటు నుంచి గాలి జోరుగా వీస్తుంటే, సూర్యుడు తిరుగుతూ ఆ చోటును మళ్లీ మన వైపు తెచ్చేసరికి ఇరవై ఏడు రోజులవుతుంది. చంద్రుడు నక్షత్రాలన్నీ చుట్టి అదే నక్షత్రానికి రావడానికీ ఇరవై ఏడు రోజులే, ఇంకొన్ని గంటలు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేని రెండు తిరుగుళ్లు. వేగం దాదాపు ఒకటే కావడంతో కొన్ని నెలలు పక్కపక్కన నడుస్తాయి. సూర్యుడి మీద ఆ చోటు మూసుకుపోగానే విడిపోతాయి. ఇంటర్ పిల్లలకు పాఠంలో లేకపోయినా ఇది బోర్డు మీద గీసి చెప్పాను. రెండింటికీ పొంతన కుదిరినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని చెప్పాను. ఇంటికొచ్చి మాత్రం రెండూ చెడ్డగా ఉన్న రోజు తన గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. రెండూ బాగున్న రోజు కొంచెం ఊపిరి పీల్చుకునేవాళ్లం. నాలుగేళ్లు రోజూ భయపడటం ఎవరి వల్లా కాదు. భయపడనక్కర్లేని రోజులు ఏవో చెప్పేది ఏదైనా మాకు కావలసివచ్చింది.

మూడు ఇరవై ఏడులు కలిశాయే, ఫిట్స్‌కు ఆ ఇరవై ఏడు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం నేను అడగలేదు.

ఒకరోజు నేను కొత్త పేజీలో గీతలు కొడుతుంటే తను పక్కన నిలబడి చూసి, "ఇంకో గడి గీయాలె బాపు," అంది.

"ఏం గడి?"

నా ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వేసింది. "ఏం లేదు తియ్యి. నీకు స్కేలు సక్కగ పట్టుకోనస్తలేదు."

అంతకు ఏడాది ముందు హైదరాబాద్‌లో ఒక లేడీ డాక్టరుకు కూడా చూపించాం. ఆమె నెలసరి గురించి అడగడం మొదలుపెట్టగానే నేను లేచి బయటకు వచ్చి కారిడార్‌లో నిలబడ్డాను. ఎవరూ వెళ్లమనలేదు. తండ్రి ఎవరైనా అట్లాగే లేచి వస్తాడు. కాసేపటికి తల్లీ కూతుళ్లు బయటకు వచ్చారు. ఏమందని అడిగితే, "ఏం లేదు, ఆడోళ్ల ముచ్చట," అంది నా భార్య. బస్సు దొరుకుతుందో లేదో అనుకుంటూ స్టాండుకు వచ్చేశాం.

కార్తీక మాసం మొదట్లో బోధన్‌లో నా భార్య మేనకోడలి నిశ్చితార్థం పెట్టుకున్నారు. మూడేళ్లుగా నా భార్య ఏ శుభకార్యానికీ పోలేదు. ఆ ఆదివారం పొద్దున కూడా పోనా మాననా అని తిరుగుతూనే ఉంది.

"శ్రవణం. మంచిదే. మీదెంత?"

"ఒకటి."

"ఒకటేనా?"

"ఒకటే. రెండు రోజుల నుంచి అంతే."

"నువ్వు పో అమ్మ," అంది మా అమ్మాయి. "ఎప్పుడు జూసినా నా ముఖమే చూసుకుంట కూసుంటవ్. పోయి నాలుగు చీరలు సూసిరా. వచ్చి ఎవరిది ఎట్లున్నదో నాకు చెప్పు." తనే అల్మారా తీసి తల్లికి చీర ఎంచిపెట్టింది. ఎనిమిది గంటల బస్సుకు నా భార్య వెళ్లిపోయింది.

పొద్దున పూట లేచిన తర్వాత రెండు గంటలు తనను ఒంటరిగా వదలకూడదని మేం పెట్టుకున్న నియమం. ఫిట్స్ ఎక్కువగా అప్పుడే వచ్చేవి. ఆ రోజు నేను ముందు గదిలో కూర్చున్నాను. తొమ్మిది నలభైకి తను గుమ్మం దగ్గరికి వచ్చి, "నడుము గుంజుతుంది బాపు, జరసేపు పండుకుంట," అంది. పడుకో అన్నాను. వేడినీళ్లు కావాలా అన్నాను. వద్దంది. పుస్తకంలోకి తలదించుకున్నాను. చెవి ఆ గది వైపే ఉందనుకున్నాను. రోజూ అయితే పది నిమిషాలకొకసారి లేచి చూసేవాణ్ణి.

నా భార్యకు ఫోన్ చేసి ఏం చెప్పానో గుర్తులేదు. పట్టుచీరతోనే ఆటోలోంచి దిగింది.

పన్నెండో రోజు అయిపోయాక ఇల్లు మూయడానికి సామాను సర్దాం. ఆరు నెలలకు కావలసింది తీసుకుపోవాలి. మళ్లీ లోపలికి రాకూడదు. నా భార్య అమ్మాయి గదిలోకి పోలేనంది. నేను పోయాను. మూసేయక తప్పకపోబట్టి గానీ, లేకపోతే ఆ అల్మారా ఎన్నేళ్లయినా తెరిచేవాణ్ణి కాదు.

బట్టల కింద ట్యూషన్ హాజరు రిజిస్టర్ ఉంది. పిల్లల పేర్లు, ఎదురుగా టిక్కులు. పిల్లలు ఇచ్చిన స్టిక్కర్లు. తేదీల వరుసలో అక్కడక్కడా మూలకు చిన్న పెన్సిల్ చుక్క. కొన్ని చోట్ల నాలుగు రోజులు వరుసగా చుక్కలు. మళ్లీ ఇరవై ఆరు, ఇరవై ఏడు రోజుల తర్వాత అట్లాగే. అవేమిటో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆ అర్థమైన క్షణంలో కూడా, కూతురి రహస్యం చూస్తున్నానని రిజిస్టర్ మూసేశాను. మళ్లీ తెరిచాను.

కొన్ని చుక్కల పక్కన "ఫి" అని ఉంది. నా నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టాను. ఫిట్స్ వచ్చిన రోజులవి. తేదీ తప్పలేదు. ఎక్కువభాగం మొదటి చుక్కకు ఒకరోజు ముందో, ఆ రోజునో. అన్నీ కాదు. అటూ ఇటూ పడ్డవి కూడా ఉన్నాయి. అయినా నా సూర్యుడి గడికంటే, నా భార్య చంద్రుడి గడికంటే ఇది ఎంతో దగ్గర. చలికాలంలో మూడు గడులూ కలిసినట్టు కనబడిందీ ఇందుకే. తన ఒంట్లో తిరుగుతున్నదాని వేగం కూడా ఇంచుమించు అదే. నేను ఆకాశంలో వెతుకుతున్న లెక్క నా పక్కన కూర్చుని బిస్కెట్లు తింటూ ఉండింది.

ఇది వైద్యంలో తెలిసిన సంగతేనని తర్వాత చదివాను. కొందరు ఆడపిల్లలకు అట్లా వస్తుంది. ఆ నాలుగు రోజులకు మందు మార్చి చూస్తారట. అందరికీ పనిచేయదు. పనిచేసేదని నేను రాయలేను. రాయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

చివరి పేజీలో ఆ కార్తీకం వారం ఉంది. శని, ఆది, సోమవారాల చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసి ఉంది. ముందే గీసుకున్నది. ఆ మూడు రోజుల్లో పిల్లల పేర్ల ఎదుట సెలవు అని రాసి ఉంది.

అంటే తనకు తెలుసు. మేమిద్దరం చాయ్ దగ్గర శ్రవణం, ఒకటి అని చెప్పుకుంటున్నప్పుడు తను విని, తల్లికి చీర ఎంచిపెట్టింది. ఎందుకని అడగడానికి మనిషి లేదు. తల్లి ఒక్కరోజైనా బయటకు పోవాలని అనుకుందేమో. ఎన్నోసార్లు ఏమీ కాకుండా గడిచిపోయిన రోజులే కదా, ఇదీ గడుస్తుందనుకుందేమో. నాతో చెప్పాలంటే ఏ మాట వాడాలో తెలియక ఊరుకుందేమో. ఇంకో గడి గీయాలె బాపు అని ఒకసారి చెప్పింది. అంతకంటే ఎట్లా చెబుతుంది?

రిజిస్టర్‌ను నా బట్టల సంచిలో అడుగున పెట్టాను. మామ బోధన్‌లో మాకు రెండు గదులు చూశాడు. "ఆరు నెలలంటే ఎంత సారూ, చెరకు నరికి మళ్లా పిలక లేసేదాక," అన్నాడు, తాళం చెవి ఇస్తూ. ఏదో ఒకటి అనాలని అన్నాడు. చేతి తువ్వాలతో ముఖం తుడుచుకుని, నీళ్లు ఎప్పుడొస్తాయో ఇంటాయనను అడుగుతానని వెళ్లిపోయాడు.

నేను రోజూ బోధన్ నుంచి కాలేజీకి బస్సులో పోయి వస్తున్నాను. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. చెరకు ఇంకా పెట్టేవాళ్లు దూరం తోలుతున్నారు. గదుల ముందు నుంచే ట్రాక్టర్లు పోతాయి. ఉదయం ఫోన్‌లో అంకె చూడడం మానలేదు. చెయ్యి దానంతటదే చూస్తుంది. ఎవరికీ చెప్పను. నా భార్య పంచాంగం తీయడం మానేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను.

"ఇగో, ఇనుండ్రి," అంది. తల ఎత్తలేదు. "ఆ డాక్టరమ్మ అప్పుడు ఒకటి చెప్పింది. నెల తేదీలు కూడ రాసుకొని రమ్మన్నది. ఫిట్స్ దానికి తగిలి వస్తున్నయేమో సూద్దమన్నది."

నేను ఇంకో చొక్కా అందుకున్నాను.

"మీ పుస్తకంల ఎట్ల రాయాలె? రోజూ మీరే తీస్తరు, మీరే రాస్తరు. పిల్ల సిగ్గుపడతదని నేను ఊకున్న. వేరే రాద్దమనుకున్న, రాయలె. ఆడపిల్లలకు అప్పుడు ఒళ్లు బాగుండదు, అట్లనే ఉంటదిలే అనుకున్న."

"నువ్వేం చేస్తవు," అన్నాను. "బయటకు లేచి పోయింది నేను."

ఆమె ఈనెలు తీస్తూనే ఉంది. కాసేపటికి ఆపింది.

"ఆ ఆదివారం దగ్గరికి వచ్చి ఉండెనా? మీరు లెక్కలు తెలిసినోళ్లు. నేను బస్సెక్కిన నాడు."

సంచి నా మోకాలి పక్కనే ఉంది. తీసి చూపించవచ్చు. చూపిస్తే ఆమెకు రెండు సంగతులు తెలుస్తాయి. ఆ రోజు మంచిది కాదని, అది తెలిసే బిడ్డ తనను పంపిందని. ఇరవై ఏళ్లు క్లాసులో నిలబడి, లెక్క ఎట్లా వస్తే అట్లా రాయమని చెప్పినవాణ్ణి. మా ఇంటి నుంచి మమ్మల్ని వెళ్లగొట్టే నక్షత్రం పెట్టించిన రోజు, అబద్ధమాడతామా అని అడిగింది ఈమె.

"లేదు," అన్నాను. "ఇంకా వారం ఉండె."

"వారమా?"

"వారం పైనే."

ఆమె చేటను పక్కన పెట్టింది. "దసరా నాడు పిల్ల గుడికి రాలె. జమ్మి కూడ ముట్టలె. దూరముండె," అంది, నాతో కాదు. తర్వాత ఎడమచేతి చిటికెన వేలు దగ్గర బొటనవేలు పెట్టింది. ఒక్కో కణుపు మీద ఒక్కో రోజు. దశమి, ఏకాదశి, ద్వాదశి. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటకు రావడం లేదు.

దసరా నుంచి ఆ ఆదివారానికి ఎన్ని రోజులో నాకు తెలుసు. ఆమె ఉంగరపు వేలు దాటింది. నేను మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మడతపెడుతూ కూర్చున్నాను.